కళావిద్య – కళాశాల ఎంపిక

ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థి ఎదుట అనేక మార్గాలుంటాయి. ఇంజనీరింగు, వైద్యవిద్యల దారి పదుగురూ నడిచినది కనుక దానికి మార్గదర్శకులు ఎందరో. చిత్రలేఖనాన్నో శిల్పాన్నో అభ్యసించగోరే వారికి మాత్రం ఇంటిలోనే తొలి ప్రశ్న ఎదురవుతుంది: "బొమ్మలు కూడు పెడతాయా?" తల్లిదండ్రుల ఈ భయం నిర్హేతుకం కాదు. దానికి తగిన సమాధానం వాదనలో లేదు. తగిన కళాశాలను వివేకంతో ఎంచుకొనడంలో ఉంది.

1897లో జన్మించిన దామెర్ల రామారావు ప్రజ్ఞను రాజమహేంద్రవరంలోని కళాశాల ప్రధానాచార్యుడు ఆస్వాల్డ్ కూల్డ్రే గుర్తించాడు. ఆయన ప్రోత్సాహంతో రామారావు బొంబాయిలోని సర్ జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో శిక్షణ పొందాడు. తిరిగివచ్చి స్వస్థలంలోనే చిత్రకళాశాలను నెలకొల్పాడు. 1925లో, ముప్పై ఏళ్లయినా నిండకుండానే మరణించినా, ఆయన పేరిట వెలసిన చిత్రశాల నేటికీ ఆ నగరంలో ఉంది. సహజ ప్రతిభకు సరియైన విద్యాలయం తోడైతే కలిగే ఫలం ఇట్టిది.

విద్యార్థి మొదట తన అభిరుచిని తానే పరీక్షించుకోవాలి. నాలుగేళ్ల బి.ఎఫ్.ఏ. కోర్సులో చిత్రలేఖనం, శిల్పం, అప్లైడ్ ఆర్ట్ వంటి శాఖలున్నాయి. రంగులతో భావాన్ని పలికించగోరే వారికి మొదటిది, మట్టిలో రాతిలో రూపాన్ని చూడగలవారికి రెండవది తగినవి. ప్రకటనలు, పుస్తకాల రూపకల్పన మొదలైన వృత్తులలో ప్రవేశింపదలచిన వారికి మూడవది ఉపకరిస్తుంది. 2008లో ఏర్పడిన హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలిత కళల విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీ, యానిమేషన్ కూడా బోధిస్తారు. అక్కడి ప్రవేశ పరీక్షలో జ్ఞాపకంనుండి బొమ్మ గీయడం, రంగులు వేయడం ఉంటాయి. కనుక సాధన ముందునుండే సాగాలి.

ప్రతి విద్యాలయానికీ ఒక ప్రత్యేక సంప్రదాయం ఉంటుంది. 1857లో స్థాపితమైన జె.జె. స్కూల్ యథాతథ చిత్రణలో గట్టి శిక్షణకు పేరొందింది. 1919లో శాంతినికేతనంలో రవీంద్రనాథ ఠాకూరు నెలకొల్పిన కళాభవనం ప్రకృతి పరిశీలనకు, హస్తకళలకు పెద్దపీట వేసింది. రామ్‌కింకర్ బైజ్ మలచిన 'సంతాల్ కుటుంబం' శిల్పం ఆ ఆవరణలోనే ఆరుబయట నిలిచి ఉంది. 1950లో ఆరంభమైన బరోడా లలితకళా విభాగం కళాభ్యాసంతోపాటు కళాచరిత్రకూ ప్రాధాన్యమిచ్చింది.

భవనాలకంటె గురుపరంపర గొప్పది. కళాభవనంలో చదివిన కె.జి. సుబ్రహ్మణ్యన్ బరోడాలో ఆచార్యుడైనాడు. హైదరాబాదులో చదివిన లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం బరోడా వెళ్లి ఆయనవద్ద శిష్యరికం చేశారు. అయినా వారి కుంచె పలికినది బరోడాను కాదు, తెలంగాణ పల్లెను. దూరాన ఉన్న మంచి గురువు శిష్యుని స్వస్థలంనుండి వేరు చేయడు. దానిని కొత్త కన్నులతో చూడనేర్పుతాడు.

అందువల్ల పేరును విని నిర్ణయించుకోక, తరగతులు జరిగే దినాన కళాశాలను స్వయంగా చూడాలి. శిల్పశాలలో బట్టీ మండుతున్నదా? ముద్రణ యంత్రం పనిచేస్తున్నదా, ధూళి పట్టి ఉన్నదా? అధ్యాపకులు తామూ చిత్రాలు వేస్తున్నారా? గ్రంథాలయంలో ఏయే గ్రంథాలున్నాయి? వార్షిక ప్రదర్శనలోని చిత్రాలన్నీ ఒకే అచ్చులో పోసినట్లుంటే అక్కడ అనుకరణే నేర్పుతున్నారని గ్రహించాలి. విశ్వవిద్యాలయ గుర్తింపును విచారించాలి. రుసుముతోపాటు రంగులు, కాన్వాసు, వసతి వ్యయాన్ని లెక్కించాలి. చదువు ముగించినవారు ఏ వృత్తులలో ఉన్నారో అడిగి తెలుసుకోవాలి.

ఈ వివరాలన్నీ సేకరించి తల్లిదండ్రుల ముందుంచిన విద్యార్థి తన కోరిక క్షణికం కాదని నిరూపించుకొంటాడు. అప్పుడు వారి భయం ఆలోచనగా మారుతుంది. ఆ ఆలోచనే అంగీకారానికి తొలి మెట్టు.