వ్యాసము వ్రాసినదెవరు?

విద్యార్థి తెచ్చి ఇచ్చిన వ్యాసము అతడే వ్రాసినాడని నమ్ముట మన చదువులకు పునాది. అచ్చయిన గ్రంథములనుండి పేరాలకు పేరాలు ఎత్తి వ్రాయుట పూర్వమును లేకపోలేదు. కాని అట్టి చౌర్యమునకు మూలగ్రంథ మొకటి ఉండును. దానిని ఎదుట పెట్టి తప్పు నిరూపింపవచ్చును. 2022 నవంబరు 30వ తేదీన చాట్ జీపీటీ వెలువడినది మొదలు ఆ ఆధారము లేకుండ పోయినది. అడిగిన ప్రతిసారియు యంత్రము కొత్త వాక్యములు కూర్చి ఇచ్చుచున్నది. ఈ చిక్కును విప్పుటకు వివిధ దేశముల విశ్వవిద్యాలయములు త్రొక్కిన మార్గములను మనము కొంచెము పరిశీలింతము.

మొదట తోచినది నిషేధము. 2023 జనవరిలో పారిస్ నగరమందలి సియాన్స్ పో విద్యాసంస్థ, యంత్రసహాయమును బాహాటముగా పేర్కొనక వాడుట నేరమనియు, అందుకు శిక్ష సంస్థనుండి తొలగింపు వరకు పోవచ్చుననియు ప్రకటించినది. మరుసటి నెలలో హాంకాంగ్ విశ్వవిద్యాలయము, ఆచార్యుని అనుమతి లేనిదే దీనిని వాడరాదని తాత్కాలికముగా కట్టడి చేసినది. అయితే ఆ సంవత్సరమే ఆ విశ్వవిద్యాలయము తన విద్యార్థులకు ఈ సాధనములను తానే సమకూర్చుటకు పూనుకొన్నది. ప్రతివాని చేతి ఫోనులో దొరకు వస్తువును ద్వారము కడ ఆపుట ఎంత కష్టమో దీనివలన గ్రహింపవచ్చును.

రెండవ మార్గము పసికట్టుట. యంత్రము వ్రాసినదేదో, మనిషి వ్రాసినదేదో చెప్పగల సాధనములు బయలుదేరినవి. ఇచట చిన్న లెక్క యొకటి చూడవలెను. అమెరికాలోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయము, గ్రంథచౌర్యమును కనుగొను సాధనమునకు 2022లో 75,000 పత్రములు పంపినది. 2023లో ఆ సాధనమునకు కృత్రిమ మేధను పసికట్టు భాగమును చేర్చి, అది నూటికి ఒక్కమారు మాత్రమే పొరబడునని తయారుచేసినవారు చెప్పిరి. ఆ మాటయే నిజమైనను, 75,000 పత్రములలో ఇంచుమించు 750 పత్రములపై అన్యాయముగా నింద పడును. ఇట్లు లెక్కవేసి, ఆ విశ్వవిద్యాలయము 2023 ఆగస్టులో ఆ భాగమును నిలిపివేసినది.

ఆ నింద ఎవరిపై పడునన్నది మరింత ముఖ్యమైన విషయము. 2023లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఆంగ్లము మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకై వ్రాసిన 91 వ్యాసములను ఏడు సాధనములచేత పరీక్షింపజేసిరి. సగటున సగముకంటె ఎక్కువ వ్యాసములు యంత్రము వ్రాసినవేనని తీర్పు వచ్చినది. కారణము సులభముగనే తెలియును. తరువాత రాబోవు మాటను ఊహించుట తేలికయైనచో, అది యంత్రరచన యని ఈ సాధనములు తలచును. పరభాషలో వ్రాయువాడు తనకు బాగుగా తెలిసిన మాటలనే వాడును గదా! అమెరికా, ఆస్ట్రేలియాలలో చదువుచున్న మన తెలుగు పిల్లలలో పలువురు ఇట్టివారే.

మూడవ మార్గము పరీక్షనే మార్చుట. బ్రిటనులోని రస్సెల్ గ్రూప్‌నకు చెందిన 24 విశ్వవిద్యాలయములు 2023 జూలైలో ఐదు సూత్రములు ప్రకటించినవి. కృత్రిమ మేధను తగురీతిని వాడుట విద్యార్థులకును, అధ్యాపకులకును నేర్పవలెననునది వానిలో మొదటిది. సిడ్నీ విశ్వవిద్యాలయము పరీక్షలను రెండు బాటలుగా విభజించినది. ఒకదానిలో విద్యార్థి అధ్యాపకుల ఎదుటనే వ్రాసియో, నోటితో చెప్పియో తన తెలివిని చూపవలెను. రెండవదానిలో యంత్రమును వాడవచ్చును, కాని వాడినట్లు ఒప్పుకొనవలెను.

యంత్రము పలికిన తీర్పు ఒక్కటే ఆధారముగా విద్యార్థిని శిక్షించు నియమము న్యాయము కాదని మా అభిప్రాయము. విద్యార్థిని పిలిచి, అతడు వ్రాసినదానిని గూర్చి నాలుగు ప్రశ్నలు అడుగుట ఆచార్యుని ధర్మము. మీ యింటి పిల్లలు దూరదేశమున చదువుచున్నచో, ప్రతి పాఠ్యవిషయమునకును గల నియమములను ముందే చదువుకొనుమనియు, చిత్తుప్రతులను పారవేయక దాచుకొనుమనియు వారికి చెప్పుడు. వ్యాసము తమదేనని చూపవలసిన నాడు ఆ చిత్తుకాగితములే వారికి సాక్ష్యము.