పులసతో ఫొటో దిగుతున్నారా? పొలుసు జాగ్రత్త!

యానాం: గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే రేవుల్లో సందడే వేరు. సముద్రంలో విలసగా తిరిగిన చేప ఏటికి ఎదురీది పులస అవుతుంది. ఇదివరకు అది వలలో పడితే కబురు నోటిమాటగా ఊళ్లోకి పోయేది. ఇప్పుడు ముందుగా వెళ్లేది సెల్‌ఫోనులో ఫొటో. రేవు మొహం చూడని ఆసామి కూడా ఆ బొమ్మ చూసే బేరమాడుతున్నాడు. కనుక ఇది ఉత్త సరదా కాదు. జాలరి గిట్టుబాటు కూడా ఇందులో ఉంది.

చిక్కంతా పులసతోనే. నీళ్లలోంచి తీసిన కాసేపటికే ప్రాణం వదులుతుంది. పొలుసు ఇట్టే ఊడుతుంది. ఎండ తగిలితే వెండి మెరుపు మాసిపోతుంది. పదిమంది చేతులు మారి, తలొక ఫొటో దిగేసరికి చేప మెత్తబడి ధర పడిపోతుంది. అందుకే ఎవరు తీయాలో, ఎక్కడ నిలబడాలో ముందే అనుకుని ఆ తర్వాతే చేపను పైకెత్తాలి. రెండు మూడు ఫొటోలు చాలు. వెంటనే ఐసులో పెట్టేయాలి.

పట్టుకునే తీరు కూడా తెలియాలి. మొప్పల్లో వేళ్లు దూరిస్తే నెత్తురు కారి ఫొటో చూడబుద్ధి కాదు. చేతులు తడుపుకుని, ఒకటి తల కింద, రెండోది తోక మొదట్లో వేసి అడ్డంగా పట్టాలి. పండుగొప్ప అయితే మొప్పల అంచు కోస్తుంది. జెల్ల అయితే రెక్క ముల్లు గుచ్చుకుంటుంది.

కొందరు కుర్రాళ్లు చేపను కెమెరా మీదికి చాచి, కిలో చేపను రెండు కిలోలదిగా చూపుతున్నారు. బేరానికి వచ్చినవాడు కాటా దగ్గర మొహం మాడ్చుకుంటాడు. మర్నాడు పంపే ఫొటోను ఇంకెవరు నమ్ముతారు? మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకుంటే చేప ఎంతుందో అంతే కనిపిస్తుంది.

పొద్దున్నే ఏటవాలుగా పడే ఎండ మంచిది. మిట్టమధ్యాహ్నమైతే తలపాగా నీడ పడి మొహం నల్లగా, పొలుసు తెల్లగా వస్తాయి. తీసేవారు గొంతుక్కూర్చుని చేప ఎత్తులోంచి తీయాలి. అంతకుముందు ఫోను అద్దాన్ని పొడిగుడ్డతో తుడవాలి. చేపజిగురు అంటిన అద్దంలో అంతా మసకే. సెల్ఫీ తీస్తే కొన్ని ఫోన్లలో అక్షరాలు తిరగబడి పడవ నంబరు చదవడానికి రాదు. పక్క పడవ వాళ్లకు ఫోను ఇస్తే ఆ బాధ ఉండదు.

వరద రోజుల్లో మాత్రం పడవ అంచున నిలబడి ఫొటో వద్దు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంతవరకూ రాకముందే పాయల్లో వడి గట్టిగా ఉంటుంది. చేతిలో జారే చేప, కాలికింద ఊగే పడవ. గట్టెక్కి నేలమీద నిలబడి దిగినా వెనక గోదావరి కనిపిస్తూనే ఉంటుంది.