రోగి మంచం పక్కన నర్సు ఆలోచన

ఆస్పత్రిలో వైద్యుడు రోగి వద్ద గడిపే కాలాన్ని నిమిషాలలో లెక్కించాలి. నర్సు గడిపే కాలాన్ని గంటలలో లెక్కించాలి. అయినప్పటికీ, వైద్యుడు రాసిన మందును వేళకు ఇవ్వడం, సూది వేయడం, జ్వరం చూసి చార్టులో గుర్తించడం, ఇంతే నర్సు పని అన్న అభిప్రాయం మన సమాజంలో బలంగా నాటుకుపోయింది. ఆ గంటలలో ఆమె ఏమి చూస్తుంది, చూసినదానినిబట్టి ఏమి నిర్ణయిస్తుంది అన్న ప్రశ్న చాలామందికి తట్టనే తట్టదు. నర్సింగ్ విద్యలో దీనికి 'నర్సింగ్ ప్రక్రియ' అని పేరు. పరిశీలన, సమస్యా నిర్ధారణ, ప్రణాళిక, అమలు, మూల్యాంకనం అని ఐదు మెట్లు. పేర్లు వింటే ఏదో ప్రభుత్వ పథకం నివేదిక గుర్తుకు వస్తుంది. రోగి పక్కన నిలబడి చూస్తే సంగతి వేరు.

అమెరికాలో లిడియా హాల్ అనే నర్సు 1955లో ఈ మాట వాడారు. దానికి ప్రాణం పోసినవారు మాత్రం ఐడా జీన్ ఓర్లాండో అనే చెప్పాలి. యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తూ ఆమె నర్సులకూ రోగులకూ మధ్య జరిగే సంభాషణలను, వ్యవహారాలను దగ్గరగా గమనించి 1961లో ఒక గ్రంథం వెలువరించారు. రోగి ప్రవర్తనకు అర్థాన్ని నర్సు తనంతట తాను ఊహించుకోరాదు, ఆ ఊహ సరైనదో కాదో రోగి వద్దనే తేల్చుకోవాలి: ఆమె వాదనలోని సారం ఇది. 1967లో హెలెన్ యూరా, మేరీ వాల్ష్ ఈ ఆలోచనను నాలుగు మెట్లుగా అమర్చారు. 1973లో సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన సదస్సు, నర్సులు గుర్తించే సమస్యలకు నిర్దిష్టమైన పేర్లు పెట్టే పనికి పూనుకున్నది. ఆ తరువాత నిర్ధారణ ప్రత్యేకమైన మెట్టుగా నిలిచింది.

దృష్టాంతానికి ఒక రోగిని ఊహించుకుందాం. అరవై రెండేళ్ల రైతు. మెదడు ఎడమ భాగంలో రక్తప్రసారం ఆగిపోయి కుడి చేయి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. జిల్లా ఆస్పత్రిలో చేర్చారు. 'పక్షవాతం' అని వైద్యుడు కేస్ షీటులో రాశారు, మందులు రాశారు. వైద్యుని నిర్ధారణ అక్కడికి పూర్తయింది. నర్సు నిర్ధారణ ఇంకా మొదలు కాలేదు.

ఆమె నాడి, రక్తపోటు, శ్వాస, స్పృహ చూస్తుంది. ఇంతలో రోగి భార్య, రాత్రినుంచి ఏమీ తినలేదన్న ఆదుర్దాతో, గ్లాసుతో కాఫీ పట్టబోతుంది. మన ఆస్పత్రులలో నిత్యం కనిపించే దృశ్యమే. పక్షవాతం వచ్చినవారిలో మింగే శక్తి కూడా దెబ్బతినే అవకాశం ఉంది. అప్పుడు ద్రవం అన్నవాహికలోకి పోవడానికి మారుగా శ్వాసనాళంలోకి దిగి ఊపిరితిత్తులకు వాపు తెస్తుంది. అందుచేత మింగగలడో లేదో పరీక్షించేవరకు నోటిద్వారా ఏదీ ఇవ్వరాదు. నర్సు గ్లాసు పక్కన పెట్టించి, రోగిని నిటారుగా కూర్చోబెట్టి, చెంచాతో కొద్దిగా నీరు ఇచ్చి చూస్తుంది. దగ్గు వచ్చినా, గొంతులో గరగర వినిపించినా అక్కడితో ఆపి వైద్యునికి తెలుపుతుంది. ముక్కు గొట్టంద్వారా ఆహారం మొదలవుతుంది. దగ్గు రానంతమాత్రాన ధైర్యపడడానికీ వీలులేదు. చప్పుడు లేకుండా ఊపిరితిత్తులలోకి జారడం కూడా ఉన్నది. ఆ మంచం పక్కన ఎవరూ గమనించకపోతే, రోగి పక్షవాతాన్ని గట్టెక్కి న్యుమోనియాతో మరణించవచ్చు.

మధ్యాహ్నానికి రోగి ఎడమ చేతితో మంచాన్ని బాదడం మొదలుపెడతాడు. 'మొండికేస్తున్నాడు, చెయ్యి కట్టేయండి' అని ఎవరో అంటారు. ఓర్లాండో చెప్పిన సూత్రం అక్కరకు వచ్చేది ఇక్కడే. మాట పోయినంతమాత్రాన ఎదుటివారి మాట అర్థం కాదనుకోరాదు. నర్సు అతని కళ్లలోకి చూస్తూ ఒక్కొక్క ప్రశ్నే అడుగుతుంది: నొప్పిగా ఉందా? దాహమా? మూత్రానికా? మూడవ ప్రశ్నకు అతను ఆమె చేతిని గట్టిగా పట్టుకుంటాడు. చెయ్యి కట్టేసి ఉంటే పక్క తడిసేది. సిగ్గుతో అతను మరింత కుంగిపోయేవాడు.

ఇప్పుడు ఆమె రాసే సమస్యలలో పక్షవాతం అన్న పేరు ఉండదు. 'మింగలేకపోవడంవల్ల ఆహారం ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం', 'మాటతో అవసరాన్ని తెలుపలేకపోవడం', 'కదలలేకపోవడంవల్ల చర్మం చిట్లే ప్రమాదం'. అదే వార్డులో అదే వ్యాధితో ఉన్న మరొకరికి ఈ మూడూ వర్తించకపోవచ్చు.

చివరి సమస్య కొంత వివరించదగినది. ఎముక ఉబికి ఉన్నచోట ఒత్తిడి ఎడతెగక పడితే రక్తప్రసారం నిలిచి కండ నశిస్తుంది. పడకపుండ్లు అని మనం అనేవి ఇవే. 1987లో అమెరికాలో బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ ప్రచురించిన కొలమానం స్పర్శజ్ఞానం, తేమ, నడక, కదలిక, పోషణ, రాపిడి అనే ఆరు అంశాలకు మార్కులు వేస్తుంది. మొత్తం 23లో 18 లేక అంతకు తక్కువ వస్తే ప్రమాదం ఉన్నట్టు. ఎర్రబడినచోట వేలితో నొక్కితే తెల్లబడకపోవడం తొలి లక్షణమని పుస్తకాలు చెబుతాయి. తెల్లని చర్మాన్ని దృష్టిలో పెట్టుకొని రాసిన మాట అది! మన నల్లని, చామనచాయ శరీరాలపై ఎరుపు సరిగా కనిపించదు. చేతితో తాకి వేడిని, గట్టిదనాన్ని పోల్చుకోవాలి.

'చర్మాన్ని కాపాడవలెను' అని రాస్తే అది ప్రణాళిక కాదు, సదాశయం మాత్రమే. 'ఏడవ రోజు నాటికి నడుము దిగువన, మడమలపై చర్మం చెక్కుచెదరకుండా ఉండాలి' అని రాస్తే తరువాత సరిచూసుకోవడానికి వీలవుతుంది. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పడం, పూర్తిగా పక్కకు కాక దాదాపు 30 డిగ్రీల వాలులో ఉంచడం, ఈడ్చకుండా దుప్పటితో ఎత్తి జరపడం, పడిపోయిన చేతిని పట్టి లాగకపోవడం, పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా చూడడం: ఇవి చేయవలసిన పనులు. ఎర్రబడినచోట స్పిరిట్ పోసి గట్టిగా మర్దించే పాత అలవాటు కండకు మరింత హాని చేస్తుందని తేలింది. మధ్యలో రంధ్రం ఉండే గాలి దిండునూ ఇప్పుడు వద్దంటున్నారు. అది చుట్టూ ఒత్తిడి పెంచుతుంది.

మూడవ రోజు ఉదయం. చార్టులో తిప్పిన వేళలన్నీ సక్రమంగా ఉన్నాయి. నర్సు దుప్పటి ఎత్తి చూస్తుంది. నడుము బాగుంది, కుడి మడమ మాత్రం వెచ్చగా, గట్టిగా తగులుతుంది. ఎందుకని? విచారిస్తే తేలిందేమంటే, నేలమీద పడుకున్న కొడుకు రాత్రి ఆ దిండు తలకింద పెట్టుకున్నాడు. అతనికి దిండు ఇచ్చినవారెవరు? కోపగించడం సులభం. ఆమె ఒక పాత కంబళి మడిచి పిక్క కింద అమర్చి, అది ఎందుకో కొడుక్కి చెప్పి, మడమను ప్రతి డ్యూటీలోనూ చూడాలని ప్రణాళిక మార్చి రాస్తుంది. మూల్యాంకనమంటే ఈ దుప్పటి ఎత్తి చూడడమే. అన్నిటికన్నా ఎక్కువగా వదిలివేయబడే మెట్టు కూడా ఇదే.

వదిలివేయడానికి కారణాలు లేకపోలేదు. బోధనాస్పత్రులలో ముగ్గురు రోగులకు, ఇతర ఆస్పత్రులలో ఐదుగురికి ఒక నర్సు ఉండాలని భారత నర్సింగ్ మండలి ప్రమాణం. కిక్కిరిసిన వార్డులో ఈ లెక్క వినిపిస్తే నర్సులు నవ్వుతారు. మరొక జాడ్యం కాగితాలది. విద్యార్థినులు పరీక్షకోసం ఒకరి పుస్తకంనుంచి మరొకరు ప్రణాళికలు ఎత్తి రాసుకోవడం అందరికీ తెలిసిన రహస్యం. అలా రాసిన ప్రణాళికలో ఆ దిండు సంగతి ఎన్నటికీ చేరదు.

మన రైతు ఇంటికి వెళ్లే రోజు వస్తుంది. ఇకపై రెండు గంటలకొకసారి తిప్పవలసింది అతని భార్య, కొడుకు. 'అర్థమైందా అమ్మా?' అని అడిగితే ఎవరైనా తల ఊపుతారు. అందుకే నర్సు అడగదు. ఒకసారి తాను చేసి చూపి, మంచం పక్కనుంచి తప్పుకొని, 'ఇప్పుడు మీరు తిప్పండి' అంటుంది.