కొలువులో ఉండగానే పి.ఎఫ్. డబ్బు తీయవచ్చునా?

పట్నంలోని కంపెనీలోనో, మిల్లులోనో, ఆసుపత్రిలోనో పనిచేసే బిడ్డలున్న కుటుంబాలు మన పల్లెల్లో చాలా ఉన్నాయి. ఇంట్లో పెండ్లి కుదిరినా, ఇంటికి స్లాబు వేయవలసి వచ్చినా పెద్దలు మొదట అడిగే మాట, "నీ పి.ఎఫ్. డబ్బు వస్తుందా?" అనే. వస్తుంది. అయితే ఏది తీయవచ్చును, ఏది తీయరాదు, తీస్తే పోయేదేమిటి అని తెలిసి తీయడం మంచిది.

రెండు సంచులు

సాధారణంగా జీతంలో నూటికి 12 రూపాయలు ఉద్యోగి చెల్లిస్తాడు. యజమాని కూడా అంతే చెల్లించాలి. మూలవేతనం, కరవు భత్యం కలిపి నెలకు 15,000 రూపాయలనుకోండి. ఇద్దరి వాటా చెరి 1,800. యజమాని వాటాలో 1,250 రూపాయలు 1995లో మొదలైన పింఛను పథకానికి పోతాయి. మిగిలిన 550, ఉద్యోగి 1,800తో కలిసి పి.ఎఫ్. ఖాతాలో చేరుతాయి. కొలువులో ఉండగా తీయగలిగినది ఈ రెండవ సంచిలోనిది మాత్రమే. పింఛను సంచిని ముట్టుకొనుటకు వీలులేదు.

దేనికి ఇస్తారు?

జబ్బు, చదువు, పెండ్లి, ఇల్లు వంటి అవసరాలకు అడ్వాన్సు ఇస్తారు. పేరుకు అడ్వాన్సే గాని, తిరిగి కట్టవలసిన అప్పు కాదు. పెండ్లికి, పై చదువుకు ఏడేండ్ల సభ్యత్వం ఉండాలనీ, తన వాటాలో సగమే తీయాలనీ చాలాకాలం నియమం ఉండేది. 2025 అక్టోబరు 13న పి.ఎఫ్. సంస్థ ధర్మకర్తల మండలి దీనిని సడలించడానికి నిర్ణయించింది. పన్నెండు నెలల సర్వీసు చాలుననీ, నిల్వలో నాలుగవ వంతు మాత్రం ఖాతాలో ఉంచాలనీ ఆ నిర్ణయం. దరఖాస్తు పెట్టేనాటికి ఏ నియమం అమలులో ఉన్నదో పి.ఎఫ్. కార్యాలయంలో అడిగి తెలుసుకొనండి.

తీస్తే పోయేదేమిటి?

2024-25 సంవత్సరానికి పి.ఎఫ్. వడ్డీ నూటికి 8.25. అదే వడ్డీ కొనసాగితే, ఈనాడు తీసిన 50,000 ఇరవై ఏండ్లు కదలకుండా ఉంటే దాదాపు 2 లక్షల 44 వేలయ్యేది. ప్రాణంమీదికి వచ్చినప్పుడు ఆ లెక్క చూడనక్కరలేదు. పందిరికి, బ్యాండుకు తీసేటప్పుడు మాత్రం చూడాలి.

అసలు నష్టం ఇక్కడ

కొలువు మారినప్పుడల్లా పింఛను సొమ్ముతో సహా అంతా తీసుకొనేవారున్నారు. నెలనెలా పింఛను రావాలంటే పదేండ్ల సర్వీసు ఉండాలి. ఒకడు ఒకచోట ఆరేండ్లు, మరొకచోట ఎనిమిదేండ్లు పనిచేశాడనుకోండి. మొదటి ఆరేండ్ల సొమ్ము తీసేస్తే ఆ సర్వీసు చెరిగిపోతుంది. మిగిలిన ఎనిమిదేండ్లకు పింఛను లేదు. తీయకుండా కొత్త కొలువుకు బదిలీ చేసుకొని ఉంటే పద్నాలుగేండ్లు. జీతాన్ని సర్వీసుతో హెచ్చించి 70తో భాగించాలి. 15,000 జీతంపై అది నెలకు 3,000 రూపాయలు. 58 ఏండ్లు నిండిన నాటినుండి బ్రతికినంత కాలం వస్తుంది. ఆయన తరువాత భార్యకు అందులో సగం వస్తుంది.

ముందే సరిచూసుకొనండి

బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో వ్రాయించిన పేరు మరొకటి ఉన్నవారు మనలో అనేకులు. ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో, పి.ఎఫ్. ఖాతాలో పేరూ పుట్టిన తేదీ ఒకటిగా లేకపోతే దరఖాస్తు తిరిగివస్తుంది. ఆపద రాకముందే వాటిని సరిచేయించండి. పెండ్లయినవారు నామినీగా భార్య పేరు వ్రాయించారో లేదో చూడండి. దరఖాస్తుకు పి.ఎఫ్. సంస్థ రుసుము తీసుకొనదు. కమీషన్ అడిగే దళారికి మీ ఫోనుకు వచ్చే ఓ.టి.పి. చెప్పకండి.

డబ్బు తీయాలా వద్దా అన్నది భార్యాభర్తలు కలిసి కూర్చుని తేల్చుకొనవలసిన సంగతి. ముసలితనంలో ఆ సొమ్ము లేని కష్టం ఇద్దరిదీ గనుక.