కప్పు కొట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ డ్రెస్సింగ్ రూమ్ ఎందుకు ఖాళీ అయింది? అసలేం జరిగిందంటే..

ఛత్రినాక నుంచి గచ్చిబౌలి స్టేడియం అంటే సిటీ ఈ చివర నుంచి ఆ చివరికి. అంత దూరం వెళ్లి మ్యాచ్ చూసిన పాతబస్తీ ఫ్యాన్స్‌కి ఇప్పుడు సొంత టీమే లేదు. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకి తరలిపోయింది. పేరు కూడా స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా మారింది. కానీ టీమ్ చెదిరిపోవడం అంతకు చాలా ముందే, డ్రెస్సింగ్ రూమ్‌లోనే మొదలైంది.

2022 మార్చి 20న గోవాలో ఐఎస్ఎల్ ఫైనల్. కేరళ బ్లాస్టర్స్‌తో స్కోరు 1-1. పెనాల్టీల్లో 3-1తో కప్పు మనదే. గోల్‌కీపర్ కట్టిమణి హీరో అయ్యాడు. కెప్టెన్ జావో విక్టర్, గోల్స్ మిషన్ ఒగ్బెచె, కోచ్ మనోలో మార్కెజ్.. కుర్రాళ్లు తడబడితే సర్దిచెప్పేందుకు ఇంతమంది పెద్దలున్నారు. చేతికి బ్యాండ్ కట్టుకున్నవాడు ఒక్కడే లీడర్ కాదు మరి!

2023లో మనోలో గోవాకు వెళ్లిపోయాడు. ఒగ్బెచె, ఆకాశ్ మిశ్రా కూడా వెళ్లారు. ఆపై జీతాల బకాయిలు, ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం. అంటే పోయినవాళ్ల ప్లేస్‌లో కొత్తవాళ్లను తెచ్చుకునే దారి కూడా మూసుకుపోయింది. 2024 జనవరికల్లా విదేశీ ప్లేయర్లు దాదాపు అంతా సర్దేసుకున్నారు. జావో విక్టర్ మాత్రం ఉండిపోయాడు. పక్కన అనుభవం లేని కుర్రాళ్లుంటే కెప్టెన్ ఒక్కడు ఏం చేస్తాడు? 2023-24లో 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే.

తర్వాతి సీజన్‌లో బ్యాండ్ యువ డిఫెండర్ అలెక్స్ సాజీ చేతికొచ్చింది. మధ్యలో కోచ్ సింగ్టో వెళ్లిపోతే, షమీల్ చెంబకత్ బాధ్యతలు తీసుకున్నాడు. 13 జట్లలో 12వ స్థానం. గచ్చిబౌలిలో అదే ఆఖరి సీజన్ అయింది.