‘ప్రేమలొద్దు’ అనే మాట వెనక నూరేళ్ల చరిత్ర

ప్రేమ వ్యవహారాల జోలికే వెళ్లకూడదన్న నిర్ణయానికి దక్షిణ కొరియా యువతులు కొందరు పెట్టుకున్న పేరు ‘బియొనే’. ‘యొనే’ అంటే ప్రేమాయణం. ముందున్న ‘బి’ చైనా భాష నుంచి వచ్చిన వ్యతిరేకార్థకం.

పెళ్లికాని వారిని కొరియాలో ‘మిహోన్’ అంటారు. ఇందులో ‘మి’ అంటే ‘ఇంకా లేదు’. ‘అమ్మాయికి ఇంకా పెళ్లి కాలేదా?’ అని మన చుట్టాలు అడిగేటప్పుడు వినిపించే ‘ఇంకా’ అదే! స్త్రీవాదులు దాన్ని పక్కనపెట్టి ‘బిహోన్’ అన్నారు. పెళ్లి ఆలస్యమవడం కాదు, అసలు చేసుకోబోమని.

బియొనే, బిహోన్‌లకు పిల్లల్ని కనకపోవడం, మగవారితో శారీరక సంబంధం వద్దనుకోవడం కూడా చేరితే ‘ఫోర్ బి’ ఉద్యమం. 2016 మేలో సియోల్‌లోని గాంగ్‌నమ్ స్టేషన్ దగ్గర ఒక యువతి హత్యకు గురైంది. ఆడవాళ్లు తనను చులకన చేశారన్నది హంతకుడు చెప్పిన కారణం. 2018లో ఆడవాళ్లను రహస్య కెమెరాలతో చిత్రీకరించడాన్ని నిరసిస్తూ వేలాదిమంది మహిళలు వీధుల్లోకి వచ్చారు. ‘బి’కి బలమిచ్చింది ఈ ఆగ్రహమే.

అసలు విశేషం ‘యొనే’దే. ఆ మాట వయసు కొరియాలో నూరేళ్ల పైచిలుకే. పాశ్చాత్యుల ‘లవ్’కు సాటిగా మెయిజీ చక్రవర్తి కాలపు జపాన్ రచయితలు ‘రెన్‌ఐ’ని వాడుకలోకి తెచ్చారు. కొరియన్ల నోట అది ‘యొనే’ అయింది. పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లను ఎదిరించిన 1920ల ‘కొత్త స్త్రీల’కు స్వేచ్ఛా ప్రేమే నినాదం. చిత్రకారిణి, రచయిత్రి నా హ్యేసొక్ 1934లో తన విడాకుల గురించి పత్రికలో బాహాటంగా రాసి, సమాజం వెలివేసినంత పని చేసినా వెనక్కి తగ్గలేదు. అప్పుడు ప్రేమను కోరడం, ఇప్పుడు వద్దనడం రెండూ నా బతుకు నా ఇష్టమన్న పట్టుదలే అని నా నమ్మకం.

‘సాంపో’ అనే మాటను ‘బియొనే’తో కలపకూడదు. 2011లో క్యుంగ్‌హ్యాంగ్ పత్రిక వాడిన ఆ మాటకు ప్రేమ, పెళ్లి, పిల్లలు మూడింటినీ వదులుకున్న తరం అని అర్థం. వాళ్లు వద్దనుకున్నవాళ్లు కారు, ఇంటి ధరలకూ నిలకడలేని ఉద్యోగాలకూ చిక్కి వదులుకున్నవాళ్లు.

ప్రేమకు దూరంగా ఉండేవారికి జపాన్‌లోనూ ఒక పేరు పుట్టింది. 2006లో రచయిత్రి మకి ఫుకసావా ప్రేమల వెంట పరుగెత్తని అబ్బాయిలను ‘శాకాహారులు’ అంది. ఆమె తిట్టుగా అనలేదు, తర్వాత లోకం దాన్ని తిట్టుగా మార్చింది.

2023లో కొరియాలో సగటున ఒక్కో మహిళకు జననాల రేటు 0.72కు పడింది. ఆ నేరాన్ని ‘ఫోర్ బి’ మీదకు నెట్టడం అన్యాయం. ఆ ఉద్యమంలో ఉన్నవాళ్లు కొద్దిమందే. ఇంటి అద్దె, పిల్లల ట్యూషన్ ఫీజులు, ఆఫీసు గంటలు మాత్రం అందరి నెత్తిమీదా ఉన్నాయి.