కొత్త కూర్పు, పాత తీగ

మార్పు జరిగిన మరునాడు కీడు కనబడినచో మనము మార్పునే నిందింతుము. కొత్త కోడలు గడపలో అడుగుపెట్టిన వారములో పాలు విరిగినను నింద ఆమె మీదనే పడుట మన ఇండ్లలో ఎరుగనిది కాదు. కంప్యూటరు విషయములోను ఇదియే జరుగుచున్నది. "లినక్సును కొత్త కూర్పునకు మార్చితిమి, ఆనాటి నుండి తీగ ద్వారా వచ్చు ఇంటర్నెట్టు నత్తనడక నడచుచున్నది" అని చెప్పువారిని మేము పలుమారులు చూచితిమి. వారి మాట కొన్నిసార్లు నిజము, కొన్నిసార్లు కాదు. ఏది నిజమో ఇంటిలో కూర్చుండియే తేల్చుకొనవచ్చును. ఆ విధానమును ఒక ఇంటి అనుభవముతో ఇక్కడ వివరింతుము.

పాతనగరములో శాలిబండ వైపున మా సహోద్యోగి ఒకరి ఇల్లు కలదు. మందపు గోడలు, బరువైన టేకు తలుపులు గల పాతకాలపు ఇల్లు. వారి కుమార్తె ప్రతి సాయంకాలము గల్ఫు దేశములలోని తెలుగు పిల్లలకు ఇంటర్నెట్టు ద్వారా గణితము చెప్పును. ఆ సంపాదన మీదనే తమ్ముని కళాశాల రుసుము నడచుచున్నది. ఆమె కంప్యూటరులో ఉన్నది ఉబుంటు అను లినక్సు. 2022 ఏప్రిలులో వెలువడిన కూర్పు నుండి 2024 ఏప్రిలులో వెలువడిన కూర్పునకు ఒక ఆదివారమునాడు దానిని మార్చిరి. సోమవారపు పాఠములో ఆమె మాట తెగి తెగి వినబడెను. ఆమె తెర మీద వ్రాసిన లెక్క పిల్లలకు చేరునప్పటికి ఆమె తరువాతి లెక్కకు పోయెడిది. వారము తిరుగులోపల ఇద్దరు తల్లులు "ఇక వేరొకరిని చూచుకొందుము" అని చెప్పివేసిరి.

మా కేంద్రములో యంత్రవిభాగమున పనిచేయు మిత్రుని వెంటబెట్టుకొని మేము ఆ ఇంటికి వెళ్ళితిమి. "బాబాయిగారూ, కొత్తది తీసివేసి పాతదే వేయుదమా?" అని ఆ అమ్మాయి అడిగెను. "వేయుదము, అమ్మా. కాని రోగమెక్కడనో ముందు చూతము" అని ఆయన అనెను.

ఆయన పద్ధతి రేడియో వారి పద్ధతియే. ప్రసారము చెడినచో మేము మొదట ట్రాన్స్‌మిటరును విప్పము. స్టూడియోలో ధ్వని సరిగా ఉన్నదా, కంట్రోలు గదికి సరిగా చేరుచున్నదా, అచ్చట నుండి ట్రాన్స్‌మిటరునకు సరిగా పోవుచున్నదా అని మజిలీ మజిలీకి చూతుము. మంచి ఎక్కడ ముగిసి చెడు ఎక్కడ మొదలైనదో తెలిసినచో సగము పని తీరినట్లే. ఇంటర్నెట్టునకు కూడ ఇట్టి మజిలీలు ఉన్నవి: కంప్యూటరు, ఇంటిలోని తీగ, రౌటరు, వీధిలోని తీగ, ఆపైన విశాల ప్రపంచము.

మొదటి పని కొలత. "నెమ్మదిగా ఉన్నది" అనుట కొలత కాదు. ఇచ్చట ఒక చిక్కు కలదు. ఇంటర్నెట్టు ఇచ్చువారు వేగమును మెగాబిట్లలో చెప్పుదురు. ఫైలు దింపుకొనునపుడు తెర మీద సాధారణముగా కనబడునవి మెగాబైట్లు. ఒక బైటునకు 8 బిట్లు. కనుక 200 మెగాబిట్ల చందా గలవారికి తెర మీద 25 మెగాబైట్లు కనబడినచో వారికి అన్యాయమేమియు జరుగలేదు. మేము వెళ్ళిన ఇంటి చందా 200 మెగాబిట్లు. రౌటరు పక్కన నిలిచి వైఫై మీద ఫోనుతో కొలువగా 180 దాటెను. తీగ తగిలించిన కంప్యూటరులో 3 మాత్రమే వచ్చెను. దీనితో ఒక సంగతి తేలెను: వీధిలోని తీగ మంచిదే, రౌటరు మంచిదే. దోషము రౌటరునకును కంప్యూటరునకును నడుమ, లేదా కంప్యూటరులోనే ఉండవలెను.

రెండవ పని పింగ్. ఇది చిన్న పలకరింపు. కంప్యూటరు అవతలి యంత్రమును పిలిచి బదులు వచ్చు కాలమును లెక్కించును. ఇంటిలోని రౌటరునే నూరుసార్లు పలకరించితిమి. ఆరుసార్లు బదులు రాలేదు. నూటికి ఆరు పోయినచో వేగములో ఆరు వంతులే తగ్గవలెను గదా, 180 మూడునకు ఎట్లు దిగినది అని పాఠకులు అడుగవచ్చును. ఇది తెలిసికొనదగిన విషయము. ఇంటర్నెట్టులో సమాచారము చిన్న చిన్న పొట్లములుగా ప్రయాణము చేయును. పొట్లము పోయినచో పంపువాడు తీగ చెడినదని అనుకొనడు. దారిలో రద్దీ ఎక్కువైనదని తలచి పంపు వేగమును బాగుగా తగ్గించుకొనును. పిదప మెల్లగా పెంచును. అంతలో మరియొక పొట్లము పోవును, మరల తగ్గించును. ఇట్లు అతడు ఎన్నడును పరుగందుకొనలేడు. నిజమైన రద్దీకి ఈ మర్యాద మంచిదే. దెబ్బతిన్న తీగ మీద మాత్రము అదియే శాపమగును.

మూడవ పని తీగకు రెండు కొసల ఉన్న యంత్రములు ఏ వేగమునకు ఒప్పుకొన్నవో చూచుట. లినక్సులో ఎత్‌టూల్ అను పనిముట్టు కలదు. దాని వెంట నెట్‌వర్కు కార్డు పేరు వ్రాసినచో ఈ ఒప్పందము తెర మీద కనబడును. ఆ కార్డును రౌటరును 1000 మెగాబిట్లకు తగినవి. తెర మీద కనబడినది 100. ఈ అంకె దారి చూపెను. కేబులులో 8 సన్నని తీగలు నాలుగు జతలుగా మెలివేయబడి ఉండును. 1995లో ప్రమాణమైన 100 మెగాబిట్ల పద్ధతికి రెండు జతలు చాలును. 1999లో ప్రమాణమైన 1000 మెగాబిట్ల రాగితీగ పద్ధతికి నాలుగు జతలును కావలెను. ఒక జత తెగినచో పలు కార్డులు 1000ని విడిచి 100కు దిగి సర్దుకొనును. 100కు దిగుటయే దోషమైనచో అసలు వేగము 94 వరకు రావలెను. పాఠములకు అది పుష్కలము. కాని పొట్లములు పోవుచున్నవి గనుక మిగిలిన జతలకు కూడ దెబ్బ తగిలినదని ఊహించితిమి. "ఐపీ" ఆజ్ఞతో కార్డు లెక్కలు చూడగా, చెడిపోయి వచ్చిన పొట్లముల సంఖ్య మా కన్నుల ఎదుటనే పెరుగుచుండెను. ప్రతి పొట్లమునకు తోకగా ఒక సరిచూపు సంఖ్య ఉండును. అది కుదరనిచో కార్డు ఆ పొట్లమును చప్పుడు లేకుండ పారవేయును.

అప్పటికిని కొత్త కూర్పు నిర్దోషియని మేము తీర్పు చెప్పలేదు. పాత కూర్పు గల పెన్‌డ్రైవు నుండి కంప్యూటరును ప్రారంభించితిమి. వేగము మూడే. అప్పుడు కేబులు ఒక్కటి మార్చితిమి, మరేమియు ముట్టలేదు. ఒప్పందము 1000, పోయిన పలకరింపులు సున్న, వేగము 190.

పాత కేబులు వెంట నడచి చూడగా గడప వద్ద అది నలిగి ఉండెను. అప్పుడు తండ్రిగారికి జ్ఞాపకము వచ్చెను: కూర్పు మార్చునపుడు కరెంటు పోయినచో ప్రమాదమని ఆ ఆదివారమే కంప్యూటరును ఇన్వర్టరు గల గదిలోనికి జరిపిరి. కేబులు గడప మీదుగా పోయినది. రాత్రి ఆ టేకు తలుపు మూసిరి.

అట్లని కొత్త కూర్పు ఎల్లప్పుడు నిర్దోషి యని మా అభిప్రాయము కాదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలిడిన లినక్సు కెర్నెలులోనే నెట్‌వర్కు కార్డులను నడుపు డ్రైవరులు ఉండును. కూర్పుతో అవియు మారును. రియల్‌టెక్ కార్డులకు కెర్నెలులో ఒక డ్రైవరు కలదు; కొందరు తయారీదారు డ్రైవరును వేరుగా పెట్టుకొందురు. కెర్నెలు మారినపుడు ఈ వేరు డ్రైవరు తిరిగి సిద్ధము కానిచో మొదటిది పని అందుకొనును. కొన్ని కార్డుల మీద అది కుదురుగా నడువదు. దీనికి పరీక్ష సులభము. ప్రారంభ పట్టికలో పాత కెర్నెలు సాధారణముగా నిలిచియుండును. దానితో వేగము వచ్చి కొత్తదానితో రానిచో డ్రైవరే కారణమని అనుమానింపవచ్చును. పాత కెర్నెలు తాత్కాలిక ఆశ్రయమే. భద్రతా సవరణలు కొత్తదానికే వచ్చును గనుక అచ్చటనే కాపురము పెట్టరాదు. 2010లో వచ్చిన విద్యుత్ పొదుపు పద్ధతి కూడ కొన్ని కార్డులకు, రౌటరులకు పొసగదు. ఎత్‌టూల్‌తోనే దానిని ఆపి చూడవచ్చును.

మరి రెండు లక్షణములు చెప్పవలెను. పుట చాలసేపు తెరువక, తెరచిన పిదప చకచక వచ్చినచో తీగను నిందింపకుడు. అది పేరును చిరునామాగా మార్చు సర్వరు ఆలస్యము కావచ్చును. కూర్పు మార్పులో ఆ అమరిక తారుమారగుట కలదు. కొన్ని చోట్లు తెరుచుకొని మరికొన్ని మధ్యలో నిలిచిపోయినచో పొట్లపు పరిమాణము చూడవలెను. మామూలు పరిమితి 1500 బైట్లు. పేరు, రహస్యపదము ఇచ్చి కలుపుకొను పలు చందాలలో 8 బైట్లు ఆ పనికే పోయి 1492 మిగులును. వేగమును 100 అని చేతితో బిగించుడని ఎవరైన సలహా చెప్పినచో వినకుడు. ఒక కొస బిగించి రెండవ కొస వదలినచో రెండవది ఒక వంతు మాట, ఒక వంతు వినికిడి పద్ధతికి దిగిపోవును. అప్పుడు పొట్లములు ఢీకొనును.

పాతనగరపు సందులలో ఇంకొక మాట. రాగి కేబులునకు ప్రమాణము విధించిన హద్దు 100 మీటర్లు. చార్మినారు నుండి మక్కా మసీదునకు ఇంచుమించు నూరు గజములు. దాదాపు అంతయే దాని సత్తా. వీధి డబ్బా నుండి బాల్కనీల మీదుగా, స్తంభముల మీదుగా రాగి తీగ వచ్చు ఇండ్లలో ఈ దూరమును, వానకు తడియు అతుకులను చూచుకొనవలెను. ఫైబరు తీగకు ఈ నూరు మీటర్ల హద్దు లేదు. ఫిర్యాదు చేయునపుడు గంట, వేగము, పోయిన పలకరింపులు వ్రాసి చెప్పినచో, వచ్చు మనిషికిని పని తేలిక యగును.

ఇప్పుడు ఆ ఇంటిలో కొత్త కేబులు ద్వారబంధము పైగా పోవుచున్నది. వెళ్ళిన ఇద్దరిలో ఒక తల్లి తన బిడ్డను మరల పాఠమునకు పంపుచున్నది. తండ్రిగారు ఒక కాగితము మీద 1000, సున్న, 190 అను మూడు అంకెలు, ప్రక్కన తేదీ వేసి బీరువా తలుపు లోపల అంటించిరి. వచ్చు కూర్పు మార్పునకు ముందును పిదపను అవే అంకెలు మరల వ్రాయుదురట.